ఎదురు పాట

బడి వంటశాలలో గుడ్లు ఉడకబెట్టి, బియ్యం ఎసట్లో పోసి, గంటె తోటి వంటామె మహాదేవి చేతిలో పెట్టి భీమమ్మ పరుగున రోడ్డెక్కేసరికి కర్నూలు బస్సు వచ్చి నిలబడి ఉంది. అయినా ఎక్కలేదు. పక్కనే ఉన్న టీ బంకు చాటుకు పోయి నిలబడింది. ఎక్కేవాళ్ళంతా ఎక్కి, కండక్టరు రైట్ రైట్ అన్నాకనే కమ్మీ పట్టుకుని, తల వంచుకుని లోపలికి దూరింది. మొగుడు ఈరప్ప ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ కాడ లారీ లోడు మీదనుంచి పడి చనిపోయిన నాటినుంచీ ఇదే వరస. ప్రయాణమై పోయేవాళ్ళకు తన మొహం ఎదురు కాకూడదని ఆమెకు ఆమే పెట్టుకున్న కట్టడి అది. ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం మాత్రం ఏముంది? ఒకసారి పెళ్ళికి పోతున్న ఆటో ఆమెను చూసి ఆగిపోయింది. అందులోని ముసలామె దిగి, ఇంట్లోకి పోయి ఇన్ని నీళ్ళు తాగి, మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ ఒక్కసారి చూసింది చాలు. కూతురు శివాని పరీక్షకు పోయే పొద్దు కూడా భీమమ్మ వంటింట్లో బియ్యం మూటల వెనక్కి పోయి నిలబడేది. ఆ పిల్ల గడపలో నిలబడి అరిచేది, కోపంతో ఏడ్చేది, చివరికి ఒక్కతే పోయేది.

ఆ పొద్దు మాత్రం భీమమ్మ మనసు మనసులో లేదు. మహాదేవి దగ్గర అడిగి తెచ్చుకున్న ఆకుపచ్చ చీర కట్టుకుంది. దారి పొడుగునా పెదాలు కదులుతూనే ఉన్నాయి. ఆమె కోరిక ఒక్కటే. ఆ పాట రాసిన మనిషికి ఎదురుగా నిలబడి, ఆయన మొహంలోకి చూస్తూ ఆ పాట పాడాలి.

ఆ పాట సంగతి చెప్పుకోవాలి. కోయిలకుంట్ల దగ్గర ఒక చిన్న పల్లెలో పుట్టిన రంగనాథ్ అనే ఆయన మీసాలు మొలిచే వయసులో రాసింది అది. కొడుకు చదువుకు బయల్దేరిన పొద్దు, మొగుడు పోయిన వాళ్ళమ్మ తన మొహం తగలకూడదని తలుపు వెనక దాక్కుందట. బస్సులో కూర్చుని ఏడుస్తూ కట్టాడని చెబుతారు.

ఊరు దాటే కొడుకునోయమ్మా
ఎదురు రావే అమ్మ ఎదురు రావే
బోసి నుదుటి మీది పొద్దు చూసి
పోతె నా పయనమే పండుగవునే

ఆ తర్వాత ఆయన మద్రాసు పోయాడు, హైదరాబాదు వచ్చాడు, యాభై ఏళ్ళు సినిమాలకు రాశాడు. బిరుదులొచ్చాయి, మేడలొచ్చాయి, మోకాళ్ళు అరిగాయి. ఎన్ని రాసినా జనం నోట నిలిచింది మాత్రం ఈ పాటే.

ఈరప్ప పోయిన కొత్తలో మహాదేవి ఫోన్లో ఈ పాట వస్తే భీమమ్మ తోముతున్న గిన్నె కింద పెట్టేసింది. మళ్ళీ పెట్టించుకుంది. ఛార్జింగ్ అయిపోయేదాకా పెట్టించుకుని మహాదేవితో తిట్లు తింది. ఇక అప్పటినుంచి బడిలో అన్నం డేగిసాలు తోమినంతసేపూ అదే పాట. ఎవరో తనను పేరు పెట్టి పిలిచి, రావే అని బతిమాలుతున్నట్టు ఉండేది ఆమెకు. ఎదురు పోదామనే అనిపించేది. ధైర్యమే చాలేది కాదు.

ఆమె వీపు తిప్పుకుని డేగిసా తోముతూ పాడుతుంటే బళ్ళో టీచరమ్మ ఒకామె ఫోన్లో తీసి జనం మీదికి వదిలింది. అది ఊళ్ళు తిరిగి, హైదరాబాదులో రంగనాథ్ చెవిన పడింది. అప్పటికే ఆయన యాభై ఏళ్ళ పాటల పండుగ కర్నూలులో చేయాలని ఏర్పాట్లు జరుగుతున్నాయి. పేరున్న తారలంతా వస్తున్నారు. ఎవరూ పాడేది లేదు, రికార్డు చేసిన పాటలకు నోళ్ళు ఆడించి పోతారు. ఈ ఒక్క పాట మాత్రం ఆ వంటామె పాడాలి, అది కూడా మైకులో, నిజం గొంతుతో పాడాలి అని రంగనాథ్ షరతు పెట్టాడు. ఆ మాట విన్న పొద్దు భీమమ్మకు అన్నం సయించలేదు.

మిట్టమధ్యాహ్నం కర్నూలు కాలేజీ మైదానంలో దిగేసరికి స్టేజీ సగం కట్టి ఉంది. ముందు వరసలో సోఫాలు, ఒక్కో సోఫా సీటు ఐదు వేలు. వెనక ప్లాస్టిక్ కుర్చీలు, లారీల్లో తోలుకొచ్చే జనానికి. వాళ్ళకు మనిషికి రెండొందలు, ఒక బిర్యానీ పొట్లం. హైదరాబాదు నుంచి వచ్చిన సుజన అనే అమ్మాయి, ఏర్పాట్లన్నీ ఆమెవే, భీమమ్మను చూసి నవ్వి, చెయ్యి పట్టుకుని స్టేజీ వెనక్కి తీసుకుపోయింది. రంగనాథ్ బొమ్మ వేసిన నిలువెత్తు ఫ్లెక్సీ వెనక, వైర్ల మధ్య ఒక స్టూలు, ఒక మైకు స్టాండు ఉన్నాయి. జనరేటరు వేడికి అక్కడ గాలి కూడా ఉడుకుతోంది.

"మీ ప్లేస్ ఇదేనండీ," అంది సుజన.

"ఈన్నుంచి ఆ సారు కనపడడు గదమ్మా."

"కనపడక్కర్లేదండీ. మీ వాయిస్ వస్తే చాలు. ముందు మహేశ్వరి మేడమ్ లిప్ ఇస్తారు."

భీమమ్మకు అర్థం కాలేదు. మైకుల మేస్త్రీ నాగరాజ్, తల నెరిసిన మనిషి, వైరు చుడుతూ తలెత్తకుండానే చెప్పాడు. "పెదాలు ఆడిస్తాదక్కా ఆయమ్మ. పాట నీది, మొగం ఆయమ్మది."

భీమమ్మకు తల కొట్టేసినట్టయింది. చీర కొంగు సర్దుకుంది, మళ్ళీ సర్దుకుంది, ఏం చేయాలో తోచక స్టూలు మీద కూర్చుంది.

శివశంకర్ వచ్చాడు. రోడ్ల కాంట్రాక్టరు, మండలానికి పెద్ద తలకాయ. ఈ పండుగకు సగం ఖర్చు ఆయనదే. మహేశ్వరి ఆయన పెళ్ళాం. ఈరప్ప పోయినప్పుడు బడిలో వంట పని భీమమ్మకు ఇప్పించింది కూడా ఆయనే. ఆ మాట ఆయనా మరవలేదు, ఆమెనూ మరవనివ్వలేదు. వచ్చి, ఎంతో నిమ్మళంగా, సొంత అన్న మాదిరి పక్కన నిలబడ్డాడు.

"భీమక్కా, నీకు తెలీని సంగతేం గాదు. మొదుటి పాటకే జ్యోతి ఎలిగిస్తారు. ఆ కుర్ర హీరో కొత్త సినిమా పేరు గూడా అప్పుడే చెప్తాండారు. కోట్లతో పని. వాళ్ళమ్మ గూడా వచ్చిండాది, ఆయమ్మకు పట్టింపు శానా. మొట్టమొదట అందురూ నీ మొగం చూడల్లంటే ఎట్లుంటాది? నువ్వే చెప్పు, బాగుంటాదా?"

చూడండి ఆ అడగడం. తాడు పేని, ముడేసి, ఆమె చేతికే ఇచ్చి, మెడకు సరిపోతుందేమో చూసుకోమన్నట్టు. భీమమ్మ నేల చూసింది.

"బాగుండదన్నా," అంది.

తన నోటినుంచే వచ్చింది ఆ మాట. కాసేపటికి ఇంత ధైర్యం కూడగట్టుకుంది. "జ్యోతి అయినాక, యాడన్నా మద్దెలో పాడతానన్నా. అప్పుడు ముందర నిలబడొచ్చు గదా."

"ప్రోగ్రాం అచ్చేసినారు భీమక్కా. మీ వదిన ఈ పాటకని ధర్మవరం పోయి పట్టుచీర గూడా తెచ్చుకునింది." శివశంకర్ నవ్వాడు. పోబోతూ ఆగాడు. "బడిలో వంట బాగనే జరుగుతాండాదా? పోయిన్నెల ఇద్దురొచ్చి అడిగినారు ఆ పని. భీమక్క మన మనిషి, కదిలించేది లేదని చెప్పి పంపించినా."

ఆ పనికి నెలకు మూడు వేలు, అదీ ఎప్పుడో మూణ్ణెల్లకోసారి. గ్యాసు బండకు ముందు తన చేతి డబ్బులే పెట్టాలి. గుడ్డు చిన్నదైతే తిట్లు, అన్నం మెత్తనైతే తిట్లు. కానీ ఊళ్ళో వానలు లేక చేలు బీడు పడితే కూలి ఎవరిస్తారు? ఆ వంట పనితోనే పొయ్యి వెలుగుతోంది, శివాని చదువుతోంది. అది పోతే బెంగుళూరు పోయి ఏ బిల్డింగు కిందో పరదా కట్టుకుని బతకాలి, పిల్లను బడి మాన్పించాలి. అట్లా పోయిన ఆడవాళ్ళు ఊళ్ళో వీధికొకరున్నారు. 

మధ్యాహ్నమంతా స్టేజీ వెనక గుడారంలో మహేశ్వరితో కూర్చుని పాట సాధన చేయించాల్సి వచ్చింది. పాపం, ఆమె కూడా బెదిరిపోయి ఉంది. మాట మాటకూ తప్పుతోంది.

"నెమ్మదిగా పాడు భీమమ్మా, నీ ఎనకాల నా నోరు ఉరకలేకుండాది. నాకు మాత్తరం ఇష్టమనుకున్యావా? ఈయన నన్ను జడ్పీకి నిలబెడతాడంట. జనానికి మొగం తెలియల్లంట."

"నీకు రాకుంటే ఒద్దని చెప్పొచ్చు గదక్కా."

"యాడ చెప్పేది?" అంది మహేశ్వరి.  ఆమె చేతిలోని హారతి పళ్ళెంలో కుంకుమ గిన్నె ఒరిగింది. పట్టుకుందామని భీమమ్మ చెయ్యి చాచి, అంతలోనే తనే వెనక్కి లాక్కుంది. మహేశ్వరి చూసీ చూడనట్టు గిన్నె సర్దింది.

పొద్దు వాలింది. రంగనాథ్ గారి కారు స్టేజీ వెనకనుంచే వస్తుందని కబురు వచ్చింది. సారు లోపలికి పోయేదాకా గుడారంలోనుంచి బయటికి రావొద్దని సుజన వచ్చి భీమమ్మకు మెత్తగా చెప్పి పోయింది. ఎందుకో ఆ ఒక్క మాటకు భీమమ్మ కాళ్ళు లోబడలేదు. ఆ పాట రాసిన మనిషికి తెలిస్తే ఊరుకుంటాడా? ఊరుకోడు. ఒక్క మాట అంటే చాలు, ఈ శివశంకర్లూ హీరోల అమ్మలూ నోరెత్తగలరా? గుడారం తెర తోసుకుని బయటికి వచ్చి, ఆయన నడిచి వచ్చే దారికి అడ్డంగా నిలబడింది. మొగుడు పోయినాక ఒక మనిషికి కావాలని ఎదురు పోవడం ఆమెకు అదే మొదలు.  పట్టు శాలువా కప్పుకుని, కర్ర పట్టుకుని ముసలాయన ఎదురుగా వచ్చి ఆగాడు.

"సార్, నేను భీమమ్మను. పాట పాడేదాన్ని."

ఆయన మొహం విప్పారింది. కర్ర ఎవరికో ఇచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకున్నాడు. "నువ్వేనా తల్లీ? ఏ వూరు మీది?"

"ఆలూరు పక్కన సార్."

"నీ పాట విన్న రోజు నేను అన్నం తినలేదమ్మా. మా అమ్మ వచ్చి కూర్చున్నట్టే అనిపించింది." కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అబద్ధం నీళ్ళు కావు అవి.

"నన్ను తెర ఎనక పెట్టినారు సార్. మహేశ్వరమ్మ ముందర నిలబడి నోరాడిస్తాదంట. మొగుడు లేనిదాన్నని. మీకు ఎదురుగా నిలబడి పాడల్లని వచ్చినా సార్. మీరొక మాట చెప్పండి."

రంగనాథ్ తలెత్తి చుట్టూ చూశాడు. అందరూ నిలబడిపోయారు. శివశంకర్ మాత్రం నవ్వు చెదరకుండా ముందుకొచ్చాడు. "సార్, ఆమెకు మేం చెప్తాం లేండి. మీ పేరుతో కట్టే భవనానికి జాగా కాయితాలు వచ్చినాయి. అవి స్టేజీ మీద అందురి ముందర మీకిద్దామా, లోపల్నే చూస్తారా?"

భీమమ్మ ఆయన కళ్ళల్లోకే చూస్తోంది. ఆయన చేతుల పట్టు వదులవడం ఆమెకు ముందు తెలిసింది, మాట తర్వాత వచ్చింది. ఆ మనిషి చెడ్డవాడు కాడు. అదే చిక్కు. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేది.

"వీళ్ళ పట్టింపులు వీళ్ళవి తల్లీ," అన్నాడు నెమ్మదిగా. "మనుషులు మారడానికి కాలం పడుతుంది. ఇంతమంది వచ్చాక గొడవ ఎందుకు? పాట ముఖ్యం. ఎక్కడ నిలబడి పాడినా గొంతు గొంతే కదా."

"సరే సార్," అంది భీమమ్మ.

ఆయన ఆమె తల మీద చెయ్యి పెట్టి, బాగా పాడమని దీవించి, కర్ర అందుకుని పోయాడు. రావే రావే అని ఇన్నాళ్ళూ పిలిచింది ఈయనే కదా. తీరా వచ్చి ఎదురుగా నిలబడితే వెనక్కి పొమ్మన్నాడు. ఆమెకు కోపం కూడా రాలేదు. ఫ్లెక్సీ వెనక్కి వచ్చి ఆ స్టూలు మీదే కూలబడింది. లేచి బస్టాండుకు పోదామన్నా దారి లేదు. ఇటు పోలీసులు కట్టిన కర్రలు, అటు తారల కార్లు, ముందు స్టేజీ. నాగరాజ్ నీళ్ళ సీసా తెచ్చి పక్కన పెట్టాడు. 

ఫోను మోగింది. శివాని.

"మా, బడికాడ అందురం కూచున్యాము. హెచ్చెమ్ సారు పెద్ద టీవీకి పెట్టినాడు, యూట్యూబ్‌లో నేరుగా వస్తాండాది. మహాదేవత్త గూడా వచ్చింది. నువ్వెప్పుడు వస్తావు?"

"మొదుటి పాటే. వినపడతాది లే."

"వినపడేది కాదుమా. కనపడేది ఎప్పుడు?"

 భీమమ్మ సిగ్నల్ లేదని అబద్ధమాడి ఫోను పెట్టేసింది. చెప్పేసి ఉండాల్సింది అనిపించింది. ఎట్లా చెప్పడం? నీ తల్లి గొంతు ఇంకొకామె నోట్లోనుంచి వస్తుంది, చూసి ఏడవకు అనా?

మైదానం నిండింది. టపాకాయలు పేలాయి. ఒక్కో తార స్టేజీ ఎక్కుతుంటే జనం హోరు ఫ్లెక్సీని తోసింది. నాగరాజ్ ముందు చిన్న టీవీ ఉంది, అందులో స్టేజీ కనపడుతుంది. ధర్మవరం పట్టుచీరలో, నుదుటి నిండా కుంకుమతో మహేశ్వరి హారతి పట్టుకుని నిలబడింది. కుర్ర హీరో దీపం వెలిగించాడు. వాళ్ళమ్మ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. సోఫాలో రంగనాథ్. హార్మోనియం మొదలైంది. నాగరాజ్ వేలు ఊపాడు.

భీమమ్మ పాడింది. ఊరు దాటే కొడుకునోయమ్మా అని ఎత్తుకోగానే మైదానం చప్పున ఊరుకుంది. బిర్యానీ పొట్లాలు విప్పుతున్న చేతులు ఆగాయి. గొంతు ఎప్పటికంటే బాగా పలికింది. పాడినంతసేపూ పాట ఒక్కటే ఉంది, ఇంకేమీ లేదు. పల్లవి అయిపోగానే చప్పట్లు కురిశాయి. చిన్న టీవీలో మహేశ్వరి తల వంచి చప్పట్లు తీసుకుంది. రంగనాథ్ శాలువాతో కళ్ళు తుడుచుకుంటున్నాడు. యాంకరమ్మ ఉండబట్టలేక మైకు అందుకుంది. "ఆ గొంతు విన్నారా? సాక్షాత్తూ మన సీమ తల్లే వచ్చి పాడుతోంది" అంటూ మహేశ్వరి వైపు చెయ్యి చాపింది. మళ్ళీ చప్పట్లు. రంగనాథ్ కూడా కొట్టాడు.

బళ్ళో టీవీ ముందు శివాని ఇప్పుడు ఏం చూస్తోందో భీమమ్మకు తెలుసు.

వాద్యం తిరిగి వచ్చి చరణం దగ్గర ఆగింది. ఆ చరణం ఇది:

చాటునుండి దీవిస్తె నాకొద్దే
ముందు నిలిచి తిట్టినా చాలునే

భీమమ్మ నోరు తెరిచింది. మాట నాలుక కొసన ఉంది. గొంతు పట్టలేదు, ఏడుపు అడ్డం రాలేదు. ఆ మాటను ఆ ఫ్లెక్సీ వెనక కూర్చుని పాడటానికి నోరు రాలేదు, అంతే. డేగిసాల ముందు ఎన్నివందల సార్లు పాడిందో, ఏ పొద్దూ ఇట్లా ఆగింది లేదు. నోరు మూసింది. టీవీలో మహేశ్వరి నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది.

కీబోర్డు అతను గడుసువాడు. ఏదో తప్పిందనుకుని వాద్యాన్ని ఇంకో చుట్టు తిప్పాడు. శివశంకర్ పంచె ఎగగట్టుకుని వెనక్కి పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? గొంతు పట్టిందా? నీళ్ళియ్యప్పా నాగరాజూ."

భీమమ్మ మైకు స్టాండు నుంచి తీసి, కొంగుతో గట్టిగా మూసి, లేచి నిలబడింది. "గొంతు బాగనే ఉండాదన్నా."

"మరి పాడు."

"ఈన్నుంచి పాడను."

శివశంకర్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు. "రేపట్నుంచి బడి గేటు తొక్కవు నువ్వు. తెలుసు గదా?"

"తెలుసు," అంది.

తెలుసు.  రేపు పొద్దున పొయ్యి, ఎల్లుండి పొయ్యి, పరదా కట్టిన బెంగుళూరు బిల్డింగు, పిల్ల పుస్తకాలు, అన్నీ ఒక్కసారి కళ్ళముందుకొచ్చాయి.   సుజన వచ్చి, ప్లీజ్ అండీ అంటూ రెండు చేతులూ జోడించింది. శివశంకర్ మైకు లాక్కోమని నాగరాజ్‌కు సైగ చేశాడు. నాగరాజ్ చెయ్యి చాచాడు, మైకు చుట్టూ బిగిసిన ఆమె వేళ్ళు చూశాడు, లాక్కోకుండా చాచిన చెయ్యి అట్లాగే ఉంచాడు.

బయట వాద్యం మరో చుట్టు తిరిగి, ఆమె అందుకోవాల్సిన చోటికి వచ్చి ఆగింది. జనంలో ఎవరో ఈల వేశారు. మహేశ్వరి స్టేజీ మీదనుంచి వెనక్కి తిరిగి ఫ్లెక్సీ వైపు చూసింది. కీబోర్డు అతను మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాడు. భీమమ్మ మైకు గట్టిగా పట్టుకుని, నోరు మూసుకుని నిలబడి ఉంది.